బాంబే వెల్వెట్ మళ్ళీ చూశా... ఆ పాటలకి ఈ సినిమానా?

రాత్రిబండి:
2015లో థియేటర్లో చూసి తిట్టుకుంటూ బయటికొచ్చా. పదేళ్ళు దాటింది కదా ఇప్పుడైనా కోపం తగ్గి ఉంటుందేమో అని మళ్ళీ చూశా, తగ్గలేదు సరికదా ఇంకాస్త పెరిగింది. ఎందుకంటే ఈ మధ్యలో ఆ ఆల్బమ్ లెక్కలేనన్ని సార్లు విన్నా, వినీ వినీ నా బుర్రలో నాకంటూ ఒక సినిమా తయారైపోయింది, అందులో అరవైల బొంబాయి ఉంది, క్లబ్బులో పొగ ఉంది, ఒక అమ్మాయి స్టేజీ మీద పాడుతూ లోపల చస్తూ ఉంది. అసలు సినిమా పెడితే సెట్టింగులు కనపడతాయి, కోట్లు టోపీలు కనపడతాయి, మనుషులు మాత్రం కనపడరు.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అనురాగ్ కశ్యప్ డైరెక్షన్, రణ్‌బీర్ వీధుల్లో పెరిగిన జానీ బల్‌రాజ్, అనుష్క జాజ్ సింగర్ రోజీ, కరణ్ జోహార్ విలన్, పత్రిక నడుపుతూ వెనక నుంచి ఊరి భూముల మీద కన్నేసిన కైజాద్ ఖంబాటా. జ్ఞాన్ ప్రకాశ్ అనే ప్రొఫెసర్ రాసిన 'ముంబై ఫేబుల్స్' పుస్తకం నుంచి పుట్టిన కథ. ఎడిటింగ్‌లో ప్రేరణా సైగల్‌తో పాటు థెల్మా షూన్‌మేకర్, అంటే మార్టిన్ స్కోర్సెసీ సినిమాలు ఎడిట్ చేసే ఆవిడ. పాత బొంబాయిని శ్రీలంకలో సెట్ వేసి కట్టారు. వంద కోట్లు దాటిన ఖర్చు, అందులో సగం కూడా వెనక్కి రాలేదు. ఇంతమంది ఉండి ఎలా పాడు చేశారు అసలు?

సంగీతం చేసిన అమిత్ త్రివేదీ ఒక్కడు మాత్రం తన పని తను చేసి వెళ్ళిపోయాడు.

బుల్లెట్టురివ్యూ:
సినిమా: 2/5
పాటలు: 5/5
కరణ్ జోహార్ మీసం: 1/5
అంతే, థ్రెడ్ క్లోజ్ చేసుకోండి.

ఓరుగల్లు పోరడు:
అన్నా నేనైతే సెకండాఫ్‌ల నిద్రపోయిన, మధ్యల పాట వస్తే లేస్తుంటి, పాట అయిపోంగనే మళ్ల పండుకుంటుంటి. నా పక్క సీటాయన "తమ్మీ పాటలకైతే మంచిగ లేస్తున్నవ్" అన్నడు. గంతకంటే పెద్ద రివ్యూ నేను రాయలేను.

వెన్నెలపిట్ట:
రాత్రిబండి గారూ, మనుషులు కనపడలేదు అన్నారు కదా, నాకూ అదే సమస్య, ముఖ్యంగా జానీతో. వాడికి "బిగ్ షాట్" అవ్వాలి. ఎందుకు? కుర్రాడిగా ఉన్నప్పుడు థియేటర్లో జేమ్స్ కాగ్నీ సినిమా చూశాడు, 1939లో వచ్చిన ద రోరింగ్ ట్వెంటీస్, అందులో చివర "వీడు ఒకప్పుడు బిగ్ షాట్" అని డైలాగు, అది తలకెక్కింది. ఓకే, సరదాగా ఉంది. కానీ దాని మీదే రెండున్నర గంటలు నడిపితే ఎలా? వాడికి ఆకలి ఉందా, కసి ఉందా, తల్లి మీద బెంగ ఉందా, ఏదీ మనదాకా రాదు. బోనులో దిగి దెబ్బలు తింటాడు, ఊరికే తింటాడు. రణ్‌బీర్ కష్టపడ్డాడు, కాదనను, రాసినదాంట్లోనే లేదు.

అదే రోజీ సంగతి చూడండి, ఆ పిల్ల గోవాలో చిన్నప్పుడు పడ్డ నరకం, తప్పించుకుని రావడం, పాట తప్ప వేరే గతి లేకపోవడం, ఇవన్నీ కథలో ఉన్నాయి, డైలాగుల్లో మాత్రం ఒక్క ముక్క సరిగ్గా రాలేదు. అంతా రోజీకి పాడిన నీతీ మోహన్ గొంతులోకి వచ్చింది. "ధడామ్ ధడామ్" పాట దగ్గర సినిమా ఆపేసి ఇంటికెళ్ళిపోయినా రోజీ కథ పూర్తిగా తెలిసినట్టే.

రాత్రిబండి:
@వెన్నెలపిట్ట కరెక్ట్‌గా పట్టుకున్నారు. ధడామ్ ధడామ్ గురించి రాయాలనే ఈ థ్రెడ్ మొదలుపెట్టా. ఆ పాట హెడ్‌ఫోన్స్‌లో వినండి ఒకసారి, మొదట్లో గొంతు చాలా దగ్గరగా, దాదాపు మాట్లాడుతున్నట్టు ఉంటుంది, వెనక పెద్దగా ఏం లేదు. తర్వాత మెల్లగా వయొలిన్లు లేస్తాయి, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు) వచ్చి పడుతుంది, అప్పటికి గొంతు మాట్లాడటం మానేసి అరుపు దాకా వెళ్ళిపోతుంది కానీ శ్రుతి తప్పదు. కోపం ఏడుపు రెండూ ఒకే ఊపిరిలో పాడించాడు. తెర మీద అనుష్క కళ్ళనిండా నీళ్ళతో పాడుతుంటుంది, ఆవిడ కెరీర్లో బెస్ట్ నాలుగు నిమిషాలు అవే అంటాను నేను. పాట అయిపోయి కట్ అయితే మళ్ళీ అదే నెగటివ్ ఎక్కడుంది, ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి, మంత్రిని ఎవరు బ్లాక్‌మెయిల్ చేస్తున్నారు అనే గోల. ఆ నెగటివ్ గురించి నాకు ఒక్క క్షణం కూడా బెంగ కలగలేదు.

మొదటాట:
నెగటివ్ సంగతి వదిలేయండి, ఆ కవల అక్కచెల్లెళ్ళ ట్విస్టు ఏంటి మాస్టారూ. రోజీ చచ్చిపోయిందని నమ్మించి, తర్వాత అచ్చం అలాగే ఉన్న చెల్లెల్ని తెచ్చాం అంటారు. మన దగ్గర ఎన్టీవోడు బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టుకుని ఇద్దరయ్యేవాడు, జనం ఈలలేసేవాళ్ళు, అది ఆ రోజుల్లో ఆ సినిమాలకి చెల్లింది. ఇక్కడేమో గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్ తీసిన మనిషి, సీరియస్ నోయిర్ (చీకటి నేరకథ) అని చెప్పి, ఈ ట్రిక్కు! పాత సినిమాలకి నమస్కారం పెట్టాననుకున్నాడేమో, మాకు మాత్రం చెవిలో పువ్వు పెట్టినట్టే ఉంది.

పాతరికార్డు:
కుర్రాళ్ళు బాగా మాట్లాడుతున్నారు గానీ అసలు విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆ ఆల్బమ్‌లో "ఫిఫీ" అని ఒక పాట ఉంది, సుమన్ శ్రీధర్ పాడింది. అది అమిత్ త్రివేదీది కాదు. 1956లో వచ్చిన సీఐడీ సినిమా కోసం ఓ.పి. నయ్యర్ చేసిన "జాతా కహాఁ హై దీవానే", గీతా దత్ పాడింది. ఆ పాటలో "ఫిఫీ" అనే అర్థం లేని మాట వస్తుంది, అర్థం లేదు కాబట్టే ఏదో చెడ్డర్థం ఉందని సెన్సార్ వాళ్ళకి అనుమానం వచ్చి సినిమాలోంచి పాటే ఎగిరిపోయిందని చెప్తారు. రికార్డు మీద మాత్రం బతికింది. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత దాన్ని తీసుకొచ్చి ఒక క్లబ్బు స్టేజీ మీద నిలబెట్టారు చూడండి, ఆ ఆలోచన చేసినవాడికి దండం పెట్టాలి.

సీఐడీ కూడా క్రైం సినిమానే, బొంబాయి సినిమానే. వహీదా రెహమాన్ హిందీలో మొదట కనపడింది దాంట్లోనే, మన రోజులు మారాయిలో ఏరువాకా పాటకి డాన్సు చేసిన మరుసటేడు. ఆ సినిమాకి సెట్టింగుల ఆర్భాటం ఏం లేదు, దేవానంద్ కారేసుకుని ఊరంతా తిరుగుతాడు, బొంబాయి మొత్తం కళ్ళముందు ఉంటుంది. వంద కోట్లు పెట్టినాయన అది ఇంకోసారి చూసుంటే బాగుండేది.

బేస్‌గిటార్:
అందరూ పాటల్ని నెత్తిన పెట్టుకుంటున్నారు కాబట్టి నేను కొంచెం ఎదురు మాట్లాడతా. నేను బ్యాండ్లలో వాయిస్తా, జాజ్ అంటే ప్రాణం. ఆల్బమ్ బాగుందా అంటే బాగుంది. కానీ అరవైల బొంబాయి క్లబ్బు ఇలా వినపడేదా? అప్పటి హోటల్ బ్యాండ్ అంటే ఒక ట్రంపెట్, ఒకటో రెండో శాక్సఫోన్లు, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్, అంతే, చిన్న గుంపు. వాళ్ళు వాయిస్తే చెమట వినపడుతుంది, ఒకడు సోలో (తనొక్కడే అప్పటికప్పుడు అల్లి వాయించే ముక్క) ఎక్కువ లాగేస్తాడు, ఇంకొకడు కళ్ళతో సైగ చేసి ఆపుతాడు. ఇక్కడ ఆ క్లబ్బు స్టేజీ మీద కనపడే మనుషులు కొందరు, వినపడేది పెద్ద ఆర్కెస్ట్రా. ప్రతి బ్రాస్ దెబ్బా గీత గీసినట్టు పడుతుంది. సోలో అనేదే దాదాపు లేదు. సోలో లేకపోతే అది జాజ్ ఎలా అవుతుంది, జాజ్ బట్టలు కట్టుకున్న సినిమా పాట అవుతుంది.

కాబట్టి నా పాయింటు ఏంటంటే సినిమాకి ఏ రోగమో పాటలకీ అదే రోగం, బయట మెరుపు ఎక్కువ. పాటల్లో అది మనకి నచ్చుతోంది, అంతే తేడా.

రాత్రిబండి:
@బేస్‌గిటార్ బాసూ ఇది అన్యాయం. 'మొహబ్బత్ బురీ బీమారీ' పాటలో ఆ స్వింగ్, జాజ్‌లో ఉండే ఆ ఊగే లయ, వినలేదా నువ్వు?

బేస్‌గిటార్:
విన్నా, వాయించా కూడా. వాకింగ్ బేస్, అదే అడుగులేసినట్టు నడిచే బేస్, బ్రహ్మాండం, డ్రమ్స్ మీద స్వింగ్ ఒరిజినల్‌గా ఉంది, ఎవడో తెలిసినోడే వాయించాడు. నేను పాట చెడ్డదని అనట్లేదు, క్లబ్బు పాట కాదంటున్నా.

పాతరికార్డు:
బేస్‌గిటార్ బాబూ, నువ్వన్నదాంట్లో సగం నిజం, ఆ మిగతా సగమే నాకు ఇష్టమైన కథ. చెప్తా విను, కాస్త పొడుగు.

ఆ రోజుల్లో బొంబాయి హోటళ్ళలో జాజ్ వాయించినవాళ్ళలో చాలామంది గోవా క్రైస్తవులు. పోర్చుగీసు పాలనలో అక్కడి చర్చి బడుల్లో పిల్లలకి సంగీతం స్టాఫ్ నొటేషన్‌తో నేర్పేవాళ్ళు, అంటే కాగితం మీద రాసింది చూసి వాయించడం వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చింది. బొంబాయిలో 1949లో మద్యనిషేధ చట్టం వచ్చింది, క్లబ్బుల బేరం పడిపోయింది. మరి వాళ్ళు ఎక్కడ బతకాలి? సినిమా స్టూడియోల్లో. మన సంగీత దర్శకులు హార్మోనియం మీద ట్యూను పలికిస్తే, దాన్ని కాగితం మీద పెట్టి, ఇక్కడ ట్రంపెట్, ఇక్కడ ఇరవై వయొలిన్లు అని విడదీసి రాసింది ఈ గోవా అరేంజర్లు. సెబాస్టియన్ డిసౌజా శంకర్ జైకిషన్‌కీ ఓ.పి. నయ్యర్‌కీ చేశాడు. చిక్ చాక్లెట్ అనే ట్రంపెట్ వాద్యగాడు సంగీత దర్శకుడు సి. రామచంద్రతో పనిచేశాడు, 1951లో వచ్చిన అల్బేలాలో "షోలా జో భడ్కే" పాటలో బ్యాండుతో సహా తెర మీద కూడా కనపడతాడు. ఆంథొనీ గొన్సాల్వెస్ దగ్గర లక్ష్మీకాంత్ ప్యారేలాల్ జంటలోని ప్యారేలాల్ వయొలిన్ నేర్చుకున్నాడు, అందుకే వాళ్ళు సంగీతం చేసిన అమర్ అక్బర్ ఆంథొనీలో అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి ఆ పేరు పాడతాడు, అది గురుదక్షిణ.

అంటే ఏంటి, రాత్రి హోటల్లో వాయించినవాడే పగలు స్టూడియోలో యాభైమంది మధ్య కూర్చుని వాయించాడు. క్లబ్బు సౌండు వేరు సినిమా సౌండు వేరు అని నువ్వంటున్నావు, ఆ ఊళ్ళో ఆ రెండూ ఒకే మనిషి ఊపిరి. అమిత్ త్రివేదీ పట్టుకున్నది ఆ రెండో సౌండు, నయ్యర్ సౌండు. రోజీ క్లబ్బులో పాడుతోంది, మనకి మాత్రం ఆ కాలపు సినిమా రికార్డు వినపడుతోంది. నాకది తప్పనిపించలేదు, చాలా తెలివిగా చేశాడనిపించింది.

బేస్‌గిటార్:
మాస్టారూ ఇది మంచి పాయింటు. సోలోలు లేవన్న నా కంప్లైంటు మాత్రం అలాగే ఉంచుతున్నా :) ఇంకో మాట, ఇలాంటి కథ కావాలనుకునేవాళ్ళు కొంకణిలో నాచోం-ఇయా కుంపాసార్ చూడండి, దాదాపు అదే టైంలో వచ్చింది. లోర్నా అనే గోవా సింగరూ క్రిస్ పెరీ అనే బ్యాండ్ లీడరూ, వాళ్ళిద్దరి జీవితం ఆధారంగా తీసింది. పాటలన్నీ వాళ్ళవే, కొత్తగా రికార్డు చేశారు. నేషనల్ అవార్డు వచ్చింది. బడ్జెట్ బాంబే వెల్వెట్ వాళ్ళ టోపీల ఖర్చంత ఉంటుందేమో, కానీ వాయించేవాడి బతుకు కనపడుతుంది.

ఇరానీచాయ్:
అమ్మో ఇక్కడ క్లాసు జరుగుతోంది, నేను బెంచీ మీద కూర్చుంటా. చిన్న డౌటు, "సిల్వియా" పాట నానావతి కేసు గురించేనా?

దాదర్ తెలుగోడు:
@ఇరానీచాయ్ అవును. 1959 ఏప్రిల్లో నేవీ కమాండర్ నానావతి తన భార్య సిల్వియా ప్రేమించిన ప్రేమ్ ఆహుజాని కాల్చేశాడు. జ్యూరీ నిర్దోషి అంది, హైకోర్టు కుదరదంది. బ్లిట్జ్ అనే పత్రిక నానావతిని హీరోని చేసి పేజీలకి పేజీలు నింపింది, జనం ఎగబడి కొన్నారు. సినిమాలో కరణ్ జోహార్‌కి ఎదురు పత్రిక పేరు 'గ్లిట్జ్' అని పెట్టింది అందుకే. ఊరంతా మాట్లాడుకున్న కేసుని ఒక క్లబ్బు సింగరు స్టేజీ మీద ఎగతాళిగా పాడటం, వెనక నుంచి బ్రాస్ తుపాకీ పేలినట్టు పడటం, ఇది నాకు ఆల్బమ్‌లో అన్నిటికంటే నచ్చిన ఐడియా. ఆ నాలుగు నిమిషాల్లో పత్రికలు, జనం, పుకారు అన్నీ ఉన్నాయి. అదే విషయం మీద సినిమాలో రెండు పత్రికల గొడవ పెట్టారు, ఒక్క సీను గుర్తుందా ఎవరికైనా?

నేను పుట్టి పెరిగింది బొంబాయిలోనే, అందుకే నా బాధ ఇంకోటి. కథలో అసలు నేరం నెగటివూ కాదు, క్లబ్బూ కాదు, భూమి. సముద్రం పూడ్చి భూమి చేసి పెద్దోళ్ళు పంచుకోవడం. నారిమన్ పాయింట్ అలా పుట్టిందే. ఆ పేరు ఎవరిదో తెలుసా, ఖుర్షీద్ నారిమన్ అని వకీలు, 1920ల్లో బొంబాయి పక్కనున్న బ్యాక్‌బే సముద్రాన్ని పూడ్చే పనిలో జరిగిన అవినీతిని బయటపెట్టి కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి. సముద్రం పూడ్చడంలో దొంగతనాన్ని పట్టిచ్చినవాడి పేరు, మళ్ళీ సముద్రం పూడ్చిన భూమికే పెట్టారు, తర్వాత అక్కడే చదరపు అడుగు దేశంలోనే ఖరీదైన వాటిల్లో ఒకటి అయ్యింది. ఇంత గొప్ప నేరం చేతిలో ఉండి, జ్ఞాన్ ప్రకాశ్ లాంటి చరిత్రకారుడు పక్కన కూర్చుని రాస్తుంటే, మనకి చూపించింది ఏంటి? నలుగురు సూట్లేసుకుని మ్యాపు మీద వేలు పెట్టి మాట్లాడే సీన్లు. అక్కడ ఎవరి ఇల్లు పోయింది, ఎవరి పడవ పోయింది, ఒక్క మొహం లేదు. జానీకి ఆ భూమి ఏంటో కూడా సగం అర్థం కాదు, మనకి పూర్తిగా అర్థం కాదు.

ఓరుగల్లు పోరడు:
అన్నా జానీ పెరిగింది ఆ ఎర్రదీపాల గల్లీలల్లనే గద. కామాఠీపురా పేరు మనోళ్ల నుంచి వచ్చిందని మా తాత చెప్తుండె. నిజమేనా?

దాదర్ తెలుగోడు:
నిజమే తమ్ముడూ. కామాఠీలంటే నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో రాళ్ళు మోసిన తెలుగు కూలీలు. ఆ పేట వాళ్ళ పేరు మీదే. తర్వాత బట్టల మిల్లులకి కరీంనగర్, నల్గొండ వైపు నుంచి పద్మశాలీలు వచ్చారు, వర్లీ పరేల్ వైపు ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. ఆ సినిమాలో పెద్దోళ్ళు పంచుకున్న ఊరిని కట్టినోళ్ళలో మనవాళ్ళూ ఉన్నారన్నమాట. అయితే సినిమాకి ఏ కూలీ గురించీ పట్టలేదు, మన కూలీ గురించి పడుతుందని నేనూ అనుకోలేదు.

వెన్నెలపిట్ట:
కరణ్ జోహార్‌ని అందరూ తిడుతున్నారు, ఒక్క సీను గురించి నేను వాదిస్తా. జానీ చాలా సీరియస్‌గా నేనూ బిగ్ షాట్ అవుతా అన్నట్టు మాట్లాడతాడు. కైజాద్ మొహం కదలకుండా విని, ఇప్పుడే వస్తా అన్నట్టు గది బయటికెళ్ళి, తలుపు వేసుకుని పగలబడి నవ్వుతాడు. నవ్వి నవ్వి, ఊపిరి తీసుకుని, కోటు సర్దుకుని, మళ్ళీ ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి కూర్చుంటాడు. డబ్బున్నోడు పేదోడి కలని ఎలా చూస్తాడో ఆ ఒక్క ముక్కలో ఉంది. మాట లేదు, పాటా లేదు. అలాంటివి ఇంకో నాలుగు ఉంటే ఈ థ్రెడ్ ఉండేదే కాదు.

మొదటాట:
ఆ సీను మాత్రం ఒప్పుకుంటా. మిగతా అంతా ఆయన తన టీవీ టాక్ షో 'కాఫీ విత్ కరణ్'లో కూర్చున్నట్టే ఉన్నాడు.

బుల్లెట్టురివ్యూ:
ఓకే, మీసం 2/5 చేశా.

గోదారోడు:
ఆయ్, ఆలస్యంగా వచ్చానండి. పెళ్ళి భోజనంలో అన్నీ చప్పగా ఉండి ఆవకాయ ఒక్కటే అదిరితే, బయటికొచ్చి పెళ్ళి బ్రహ్మాండం అంటామా అండి? పాటలు బాగున్నాయని సినిమాని క్షమించడం నాకు నచ్చదు. పైగా ఈ జబ్బు మనకి కొత్త కాదు కదా. పంజా గుర్తులేదా? 2011, కలకత్తా మాఫియా, పవన్ కళ్యాణ్, జాకీ ష్రాఫ్, బిల్లా తీసిన విష్ణువర్ధన్. యువన్ శంకర్ రాజా తనే పాడిన టైటిల్ సాంగ్ వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఇప్పటికీ బండి మీద వెళ్తూ పెట్టుకుంటా. సినిమా చూస్తే స్టైలు స్టైలు స్టైలు, కథ అడుగున ఎక్కడో ఉందేమో వెతుక్కోవాలి. అయినా మేం ఫ్యాన్సు నాలుగుసార్లు చూశాం, అది వేరే విషయం అండి.

ఓరుగల్లు పోరడు:
పంజాని ఏమన్న అంటే ఊకోను అన్నా. మస్తు స్టైలిష్ పిక్చర్ అది, టైమ్ కంటే ముందొచ్చింది.

గోదారోడు:
టైమ్ కంటే ముందొచ్చింది అంటే ఏంటండి, ఇంటర్వెల్ కంటే ముందు నిద్రొచ్చింది.

పాతరికార్డు:
మీరు పంజా దగ్గర ఆగారు, నేను అంతం దాకా వెళ్తా. 1992, రామ్ గోపాల్ వర్మ, నాగార్జున కిరాయి హంతకుడు, ఊర్మిళ పిట్టల వెనక తిరిగే అమ్మాయి. శివ తర్వాత మళ్ళీ ఆ ఇద్దరూ అంటే జనం ఎంత ఆశతో వెళ్ళారో చెప్పలేను, బయటికి మాత్రం మూగగా వచ్చారు. కానీ "నీ నవ్వు చెప్పింది నాతో" ఉంది చూశారూ, ఆర్.డి. బర్మన్ ట్యూను, సిరివెన్నెల మాట, బాలు గొంతు. మనుషుల్ని చంపి బతికేవాడి లోపల ఎంత ఖాళీ ఉందో, ఒకమ్మాయి నవ్వు చూశాక వాడికే ఎలా తెలిసిందో ఆ పాటలో ఉంది. సినిమా మొత్తం చెప్పలేకపోయిన సంగతి అది. కీరవాణి, మణిశర్మ చెయ్యి కూడా ఉంది ఆ సినిమా సంగీతంలో. ముప్ఫై ఏళ్ళు దాటినా పాట బతికుంది, సినిమా గురించి అడిగితే సలీమ్ ఘౌస్ విలనీ తప్ప ఎవరికీ ఏదీ గుర్తుండదు.

రాత్రిబండి:
మాస్టారూ అంతం సినిమాని కూడా అంటారా! నాకు ఆ సినిమా ఇష్టమండీ, నెమ్మదిగా ఉంటుంది నిజమే, కానీ వర్మ అందులో ఒక మూడ్ పట్టుకున్నాడు. అది ఫ్లాపు, చెత్త కాదు. బాంబే వెల్వెట్ ఫ్లాపూ, పైగా ఖాళీ.

వర్మ మాట వచ్చింది కాబట్టి, నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకోటి. 1998లో వర్మ సత్య తీసినప్పుడు సౌరభ్ శుక్లాతో కలిసి రాసింది ఈ అనురాగ్ కశ్యపే. బొంబాయి నేరం గురించి అంతకంటే బాగా రాసిన సినిమా ఉందా? అందులో గ్యాంగ్ లీడర్ భీఖూ మ్హాత్రే సముద్రం ఒడ్డున రాయి మీద నిలబడి ముంబై కా కింగ్ కౌన్ అని అరుస్తాడు, వాడికీ బిగ్ షాట్ అవ్వాలనే ఉంది, జానీకీ అదే. భీఖూ మాత్రం ఇంటికెళ్ళి పెళ్ళాం చేత తిట్లు తింటాడు, పిల్లలు, తిండి, స్నేహితుల మీద ప్రేమ. జానీకి ఇల్లే లేదు. చిమ్మన్ అని ఒక స్నేహితుడు ఉన్నాడు, పాపం సత్యదీప్ మిశ్రా బాగానే చేశాడు, వాడికి రాసింది ఎంత? కమ్మగా వాడి మీద ఒక సినిమా తియ్యొచ్చు. చిన్న గదుల్లో మనుషుల్ని చూపించినవాడికి పెద్ద సెట్టు ఇచ్చేసరికి మనుషులు తప్పిపోయారు.

వేదిక కాపరి:
పంజా మీద వేరే థ్రెడ్ ఉంది, కొట్టుకునేవాళ్ళు అక్కడికి వెళ్ళి కొట్టుకోండి. రెండు పోస్టులు తీసేశా. హీరోల ఫ్యాన్స్ మాటలు ఇక్కడొద్దు.

ఓరుగల్లు పోరడు:
నా పోస్టే తీసిండ్రు, గోదారోడిది ఉంచిండ్రు. గిదేం న్యాయం కాపరన్నా.

బేస్‌గిటార్:
అమిత్ త్రివేదీకి ఈ కర్మ మన దగ్గర కూడా పట్టింది. 2020లో నాని, సుధీర్‌బాబు చేసిన 'వి', ఇంద్రగంటి మోహనకృష్ణ డైరెక్షన్, లాక్‌డౌన్లో ప్రైమ్‌లోకి నేరుగా వచ్చింది కదా, అదీ క్రైమే. పాటలు త్రివేదీ, బ్యాక్‌గ్రౌండ్ తమన్. "మనసు మరీ" ఎంత మెత్తటి పాటో. సినిమాలో ఆ పాట వచ్చేసరికి జనం అప్పటికే ఫోన్ చూసుకుంటున్నారు. త్రివేదీ ట్యూన్లకి మంచి కథ దొరికితే కశ్యప్ తీసిన దేవ్ డీ అవుతుంది, నేషనల్ అవార్డు వస్తుంది, దొరక్కపోతే ఇదిగో ఇలా మనలాంటి పిచ్చోళ్ళు పదేళ్ళ తర్వాత థ్రెడ్లు పెట్టుకోవాలి.

వెన్నెలపిట్ట:
ఒక ప్రశ్న ఉంది నాకు, అందరూ చెప్పండి. పాటలు అంత బాగున్నప్పుడు సినిమాకి ఎందుకు సాయం చెయ్యలేకపోయాయి? నా లెక్క ఏంటంటే, పాటలన్నీ రోజీవి, కథేమో జానీది. మొహబ్బత్ బురీ బీమారీ, నాక్ పే గుస్సా, సిల్వియా, ధడామ్ ధడామ్, క ఖ గ, అన్నీ నీతీ మోహనే. వింటున్నంతసేపూ మనం ఒక అమ్మాయి వెంట వెళ్తుంటాం. పాట ఆగగానే కెమెరా ఆమెని వదిలేసి జానీ దగ్గరికి పరిగెడుతుంది, ఆమె మళ్ళీ ఎవరో ఒకరు కాపాడాల్సిన బొమ్మ అయిపోతుంది. ఆమెని దొంగతనానికి పంపింది ఒక మగాడు, దాచింది ఇంకో మగాడు. ఆమె ఏం కావాలనుకుందో పాటలకే తెలుసు.

పాతరికార్డు:
అమ్మా, ఇంత మాట ఈ సినిమా మీద వచ్చిన రివ్యూల్లో కూడా నేను చదవలేదు. రోజీ సినిమాగా తీసుంటే ఆ టామీ గన్ (పాత మెషిన్ గన్) పట్టుకుని ఇష్టమొచ్చినట్టు కాల్చే క్లైమాక్స్ అవసరమే ఉండేది కాదు.

మొదటాట:
ఆ క్లైమాక్స్ థియేటర్లో చూస్తూ మా వాడు "బుల్లెట్ల ఖర్చుతో ఇంకో పాట చేయించాల్సింది" అన్నాడు.

రాత్రిబండి:
@వెన్నెలపిట్ట ఒప్పుకుంటున్నా, ఒక్క మినహాయింపు, "దర్బాన్". పాపోన్ పాడింది, అందులో రోజీ లేదు, పెద్ద బ్రాస్ లేదు. ఊరు కొట్టిన దెబ్బ తిన్నవాడి పాట. జానీకి మొత్తం సినిమాలో లోపల ఏదైనా ఉంది అనిపించేది అదొక్కటే. "బెహరూపియా" కూడా సగం మోహిత్ చౌహాన్‌దే అనుకోండి, కానీ అది డ్యూయెట్, రాత్రి కారు ప్రయాణానికి బాగుంటుంది, అంతకంటే లోతు వెతకను. ఫిఫీ తప్ప మిగతా పాటలకి మాటలు అమితాబ్ భట్టాచార్యవి, ఎగతాళి పాటల్లో ఆయన కలం భలే నడిచింది, ప్రేమ పాటల్లో మామూలే.

కొత్తమెంబరు:
నమస్తే అందరికీ, మొదటి పోస్టు. ఇదంతా చదివాక ఆల్బమ్ మొత్తం విన్నా, మైండ్ పోయింది. ఇప్పుడు సినిమా చూడాలా వద్దా? నిజం చెప్పండి.

బుల్లెట్టురివ్యూ:
వద్దు.

రాత్రిబండి:
చూడండి, కానీ సాయంత్రం కాదు, ఆదివారం మధ్యాహ్నం పనేం లేనప్పుడు. ఇంటర్వెల్ దాకా ఫర్వాలేదు, కళ్ళకి బాగుంటుంది, రాజీవ్ రవి కెమెరా. కరణ్ నవ్వు సీను, సిల్వియా, ధడామ్ ధడామ్ మిస్సవ్వకండి. రెమో ఫెర్నాండెజ్, రవీనా టాండన్ కూడా కాసేపు కనపడతారు. ఆ తర్వాత కవల చెల్లెలు వచ్చిన దగ్గర్నుంచి మీ ఇష్టం.

పాతరికార్డు:
ముందు సీఐడీ చూడు బాబూ. ఆ తర్వాత ఇది చూస్తే ఎక్కడ చెడిందో నీకే తెలుస్తుంది. నయ్యర్ మన తెలుగులో కూడా చేశాడు, 1989లో నీరాజనం, "నిను చూడక నేనుండలేను" విన్నావా? అదీ అంతే, సినిమా ఎవరికీ గుర్తులేదు, పాట లేని ఇల్లు లేదు.

కొత్తమెంబరు:
అది ఓ.పి. నయ్యరా?! మా అమ్మ వంటింట్లో రోజూ పాడుతుంది అది. ఇళయరాజా అనుకున్నా ఇన్నాళ్ళూ.

ఇరానీచాయ్:
నేనూ ఇళయరాజానే అనుకున్నా. మాస్టారూ నీరాజనం మీద కొత్త థ్రెడ్ పెట్టండి ప్లీజ్, ఇక్కడైతే కాపరి గారు తీసేస్తారు.

వేదిక కాపరి:
నీరాజనానికి తీయను. పంజాకే.